నదికి ఒకే పటము

నదికి ఎల్లలు తెలియవు. లెక్కలకు మాత్రము ఎల్లలు కలవు. మన బాహుదానది ఇందుకు నిదర్శనము. ఈ నది గజపతి జిల్లా కొండలలో పుట్టి, ఇచ్ఛాపురము మీదుగా ప్రవహించి బంగాళాఖాతమున కలియుచున్నది. దీని పొడవు 96 కిలోమీటర్లు. అందు 78 ఒడిశాలోను, 18 ఆంధ్రప్రదేశ్‌లోను గలవు. 1936 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము ఇచ్ఛాపురము కూడ గంజాము జిల్లాలోనిదే. నాడు లెక్కలు విడిపోయినవి గాని నీరు విడిపోలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటెను. కొండలలో కురిసిన వాన ఒక రాష్ట్రపు పుస్తకములోనిది. దిగువ ఊళ్ళను ముంచు వరద మరియొక రాష్ట్రపు పుస్తకములోనిది. రెంటిని కలిపి చదువనిదే ముందుగా హెచ్చరించుట యెట్లు?

ఈ కలయికకే భౌగోళిక సమాచార వ్యవస్థ యని పేరు. పలుచని కాగితములపై వాన, నది, బావులు, గ్రామములు వేర్వేరుగా గీసి, ఒకదానిపై నొకటి పరచినట్లు ఊహింపుడు. అక్షాంశ రేఖాంశములు వాటిని సరిగా పొందుపరచును. కంప్యూటరు చేయు పని యిదియే. దేశమంతటి నీటి లెక్కలను ఇట్లు కూర్చుటకు కేంద్ర జల సంఘము, ఇస్రో 2008లో ఒప్పందము చేసికొని, భారత జలవనరుల సమాచార వ్యవస్థను నిర్మించినవి. 2018లో ఏర్పడిన జాతీయ జల సమాచార కేంద్రము దీని నిర్వహణను చేపట్టినది.

ఇందు మనబోటి భాషా అల్పసంఖ్యాకులకు ఒక విశేషము కలదు. మార్కండి పేరు తెలుగున ఒకతీరున, ఒడియాలో ఒకతీరున, ఆంగ్లమున వేరొకతీరున వ్రాయబడవచ్చును. అక్షరములు మారినపుడు ఒకే ఊరు మూడూళ్ళుగా తోచు ప్రమాదము కలదు. స్థానమును దెలుపు అంకెలకు భాషాభేదము లేదు. ఆ అంకెలు సరిగానున్నచో మన ఊరు పటమున తప్పిపోదు.

అయినను పటము నీటిని పుట్టింపజాలదు. కొలత తప్పైన పటమును తప్పే. సముద్రతీరమున మంచినీరు ఉప్పునీటిపై తేలియుండును. మితిమీరి తోడినచో ఉప్పునీరు పైకి వచ్చును. కేంద్ర భూగర్భజల మండలి తన పరిశీలక బావులను ఏటా నాలుగు పర్యాయములు కొలుచుచున్నది. కాని ప్రతి ఊరి ప్రతి బావియు అందు చేరదు. కావున విద్యార్థులారా! వేసవి చివరను, వానలు వెలిసిన పిదపను మన బావి గట్టునుండి నీటిమట్టము వరకు త్రాటితో కొలిచి, తేదీతో వ్రాసియుంచుదము. నీటి రుచిని కూడ గుర్తింతము. పదియేండ్ల యనంతరము ఆ చిన్న పుస్తకమే మన ఊరి పక్షమున సాక్ష్యము పలుకును.