4కె పెట్టాలా, 1080 పెట్టాలా? దివిసీమ రామమందిరంలో నేను నేర్చుకున్న పాఠం



మన ఛానెల్ చూసి, తమ ఊరి గుడిలో ఉత్సవాలను తామే వీడియో తీసుకుంటున్నవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. బందరు నుంచి, గుడివాడ నుంచి, అవనిగడ్డ, కోడూరు వైపు నుంచి ఫోన్లు చేస్తుంటారు. అందరిదీ ఇంచుమించు ఒకటే ప్రశ్న. "అండీ, కొత్త కెమెరా కొన్నాం. అందులో 4కె ఉంది, 1080 ఉంది. 25 ఉంది, 30 ఉంది, 60 ఉంది. ఏది పెట్టాలి?"

కెమెరాలో ఉన్నవాటిల్లో పెద్ద అంకె పెడితే సరిపోతుంది కదా అని మనకనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. దానివల్ల ఏం పోగొట్టుకున్నానో ముందు చెప్తాను. తర్వాత పాఠంలోకి వెళ్దాం.

కొన్నేళ్ళ క్రితం కార్తీకమాసంలో నాగాయలంక వైపు ఒక ఊరి రామమందిరంలో భజన తీయడానికి వెళ్ళాను. అక్కడ ఒక మామ్మగారు ఉండేవారు. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న మంగళహారతులు పాడేవారు. పాటలు రాసుకున్న నోటుపుస్తకం 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఇంటితోపాటే పోయింది. ఇక ఆ పాటలు ఉన్నది ఆవిడ నోట్లోనే. వాటిని పదిలం చేద్దామనే నేను వెళ్ళింది.

కొత్త కెమెరా. 64 జీబీ కార్డు. గొప్పగా 4కె, 30 ఫ్రేములు పెట్టి, రాత్రి ఏడింటికి భజన మొదలవగానే ఆన్ చేసి స్టాండు మీద వదిలేశాను. ఎనిమిదింబావుకి మామ్మగారి వంతు వచ్చింది. రెండు పాటలు పాడారు. "ఇంకోటుంది బాబూ, అది మా అమ్మ గొబ్బిళ్ళప్పుడు పాడేది" అని మూడోది ఎత్తుకున్నారు. నేను కళ్ళు మూసుకుని వింటున్నాను. పాటయ్యాక కెమెరా దగ్గరికొచ్చి చూస్తే, కార్డు నిండిపోయిందని తెర మీద కనిపిస్తోంది. మూడో పాటలో మొదటి పాదం దగ్గరే ఆగిపోయింది.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే రెండో దెబ్బ. ఉన్న రెండు పాటల్లోనూ మామ్మగారి ముఖం మీదుగా నల్లటి చారలు కిందికి జారుతూ ఉన్నాయి. మందిరంలో ట్యూబులైట్లు. కళ్ళకు మామూలుగానే వెలిగాయి. కెమెరాకు మాత్రం వణికాయి.

ఆ రెండు తప్పులూ కెమెరావి కావు. రెండు సెట్టింగులు తెలియకపోవడం వల్ల నేను చేసినవి. అవే ఇవాళ్టి పాఠం.

మొదటిది: రిజల్యూషన్

రిజల్యూషన్ అంటే ఒక్కో బొమ్మలో ఎన్ని చుక్కలున్నాయన్న లెక్క. పెదనలో కలంకారీ అచ్చులు చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. అచ్చులో చెక్కడం ఎంత సన్నగా ఉంటే, గుడ్డ మీద లత అంత నాజూగ్గా పడుతుంది.

720 అంటే అడ్డంగా 1280, నిలువుగా 720 చుక్కలు. మొత్తం తొమ్మిది లక్షల పైచిలుకు. 1080 అంటే 1920 అడ్డం, 1080 నిలువు. ఇరవై లక్షల పైమాట. 4కె అంటే 3840 అడ్డం, 2160 నిలువు. అంటే ఎనభై రెండు లక్షలు దాటి. 1080కి సరిగ్గా నాలుగు రెట్లు.

నాలుగు రెట్లు చుక్కలున్నాయి కాబట్టి నాలుగు రెట్లు బాగుంటుందా? ఉండదు. మన వీడియోలు ఎక్కువమంది చూసేది అరచేతిలో ఫోన్లో. ఆ తెర మీద 1080కీ 4కెకీ తేడా పట్టుకోవడం కష్టం. పెద్ద టీవీలో దగ్గరగా కూర్చుంటే తెలుస్తుంది.

మరి 4కె దండగా అంటే, అదీ కాదు. దాని అసలు ఉపయోగం ఏంటంటే, 4కెలో తీసిన బొమ్మలోంచి నాలుగో వంతు కత్తిరించి తీసుకున్నా అది పూర్తి 1080 అవుతుంది. మీ దగ్గర ఒకే కెమెరా ఉంది, కల్యాణమంటపం ఎదురుగా స్టాండు వేశారు, అక్కడినుంచి కదలడానికి లేదు. అప్పుడు 4కెలో మంటపం మొత్తం తీసుకుంటే, తర్వాత ఎడిటింగులో ఉత్సవమూర్తులను దగ్గరగా చూపించుకోవచ్చు. ఒక కెమెరా రెండు కెమెరాల పని చేస్తుంది. ఆలయ గోపురం, తాళపత్రం, కలంకారీ వస్త్రం లాంటివి వివరంగా దాచిపెట్టుకోవాలన్నా 4కె మంచిదే.

రెండోది: ఫ్రేమ్ రేటు

వీడియో అంటే నిజానికి కదిలే బొమ్మ కాదు. నిలిచి ఉన్న ఫోటోలు గబగబా ఒకదాని వెంట ఒకటి రావడం. సెకనుకు ఎన్ని ఫోటోలన్నదే ఫ్రేమ్ రేటు. సినిమాకు 24. మన దూరదర్శన్ నడిచిన పాల్ పద్ధతికి 25. అమెరికా, జపాన్ల ఎన్‌టీఎస్‌సీ పద్ధతికి ఇంచుమించు 30. మీ కెమెరా మెనూలో పాల్, ఎన్‌టీఎస్‌సీ అని కనబడేది ఇదే. పాల్ పెడితే 25, 50, 100 వస్తాయి. ఎన్‌టీఎస్‌సీ పెడితే 30, 60, 120 వస్తాయి.

టీవీలు ఇప్పుడు ఏదైనా చూపిస్తాయి కదా, ఏది పెడితే ఏంటి అంటారా? ఇక్కడే నా ట్యూబులైటు కథ వస్తుంది.

మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలతో వస్తుంది. ఒక్కో ఆవర్తనంలో దీపం రెండుసార్లు హెచ్చి తగ్గుతుంది. అంటే పాత చోక్ ట్యూబులైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. చవకరకం ఎల్‌ఈడీలూ, సీరియల్ సెట్లూ చాలావరకు అంతే. మన కంటికది తెలీదు. కెమెరాకు తెలుస్తుంది.

షట్టర్ 1/50 పెడితే ఒక్కో ఫ్రేములో సరిగ్గా రెండు మినుకులు పడతాయి. 1/100 పెడితే సరిగ్గా ఒకటి. ప్రతి ఫ్రేముకూ సమానమైన వెలుగు. చారలుండవు. నేను ఆ రోజు పెట్టింది 30 ఫ్రేములు, షట్టర్ 1/60. అంటే ఒక్కో ఫ్రేములో ఒకటీ మూడింట రెండు వంతుల మినుకు. లెక్క తెగలేదు. మిగిలిన వంతే మామ్మగారి ముఖం మీద చారగా పడింది.

కాబట్టి సూత్రం ఇది. మన ఊళ్ళో, కరెంటు దీపాల కింద, 25 ఫ్రేములు పెట్టి షట్టర్ 1/50 పెట్టుకోండి. వేగంగా కదిలేవాటికి 50 ఫ్రేములు, 1/100. మీ ఫోన్లో 30 తప్ప వేరేది లేదా? ఫర్వాలేదు. మాన్యువల్ మోడ్ ఉంటే షట్టర్ ఒక్కటి 1/50కో 1/100కో మార్చుకోండి, చాలావరకు పోతుంది. 60 ఫ్రేముల దగ్గర మాత్రం 1/50 కుదరదు, 1/100 ఒక్కటే దారి. తిరనాళ్ళలో జనరేటర్ మీద దీపాలు నడుస్తుంటే ఆవర్తనం కచ్చితంగా 50 దగ్గర నిలవకపోవచ్చు. ముందొక నిమిషం తీసి చూసుకోండి.

ఇంకో మాట. కొన్ని కెమెరాలు ఎన్‌టీఎస్‌సీ నుంచి పాల్‌కి మార్చేటప్పుడు కార్డును ఫార్మాట్ చేయమంటాయి. అందుకని ఈ మార్పు ఇంటి దగ్గరే ఖాళీ కార్డుతో చేసుకోండి. గుడిలో సగం ఉత్సవం తీశాక చేయకండి.

కార్డు లెక్క

ఇది నోటిలెక్కగా వచ్చేయాలి. కెమెరా మెనూలో రిజల్యూషన్ పక్కన 50 ఎం, 100 ఎం అని ఉంటుంది. సెకనుకు ఎన్ని మెగాబిట్లు రాస్తుందో అది. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 100ని 8తో భాగిస్తే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు. నిమిషానికి 750. గంటకు 45 జీబీ.

నా 64 జీబీ కార్డు ఆ లెక్కన గంటా ఇరవై ఐదు నిమిషాలు. ఏడింటికి మొదలుపెడితే ఎనిమిదీ ఇరవై ఐదుకి అయిపోవాలి. అయిపోయింది. కెమెరా నన్ను మోసం చేయలేదు. నేనే లెక్క వేసుకోలేదు.

అదే 1080లో 25 ఫ్రేములు, 50 ఎం పెట్టి ఉంటే గంటకు ఇరవై రెండున్నర జీబీ. అదే కార్డు రెండు గంటల యాభై నిమిషాలు వచ్చేది. భజన మొత్తం, హారతి, ప్రసాదాల వరకూ.

అలాగని బిట్ల అంకె మరీ తగ్గించకండి. తలంబ్రాలు, పూలవాన, సాంబ్రాణి పొగ, హంసలదీవి దగ్గర సముద్రపు అలలు... ఇలా తెరంతా ఒకేసారి కదిలేవాటికి బిట్లు ఎక్కువ కావాలి. తక్కువైతే బొమ్మ గళ్ళుగళ్ళుగా విరుగుతుంది. బిట్లు తక్కువిచ్చిన 4కె కంటే నిండుగా ఇచ్చిన 1080 చూడ్డానికి బాగుంటుంది.

కార్డు మీద వి30 అని ఉంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాయగలదని అర్థం. 100 ఎంకి అది చాలు. కొన్ని కెమెరాలు అరగంటకు ఒక్క సెకను ముందు వాటంతటవే ఆగిపోతాయి. మీ దానికి ఆ అలవాటుందేమో ఇంట్లోనే చూసుకోండి. ఎండాకాలం ఉత్సవాల్లో చిన్న కెమెరాలు 4కెలో వేడెక్కి ఆగిపోతాయి కూడా.

అప్‌లోడ్ సంగతీ చెప్పాలి. యూట్యూబు 1080 వీడియోకు, మామూలు ఫ్రేమ్ రేటు దగ్గర, 8 మెగాబిట్లు సూచిస్తుంది. గంట వీడియో సుమారు మూడున్నర జీబీ. 4కెకి 35 నుంచి 45. అంటే గంటకు సుమారు పద్దెనిమిది జీబీ. సెకనుకు 5 మెగాబిట్లు ఎక్కే నెట్టు మీద మొదటిది గంటన్నరలో వెళ్తుంది, రెండోది ఎనిమిది గంటలు పడుతుంది. ఏ ఫ్రేమ్ రేటులో తీశారో అందులోనే ఎక్కించండి. 25లో తీసి 30గా మారిస్తే కదలిక కుదుపుగా వస్తుంది.

ఎక్కడ ఏది పెట్టాలి

భజన, హరికథ, ప్రవచనం: 1080, 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మాట, పాట ముఖ్యం. మిగిలిన కార్డు, బ్యాటరీ ధ్వని కోసం, సమయం కోసం దాచుకోండి.

హారతి: అదే సెట్టింగు. దీపం చుట్టూ చీకటి కాబట్టి షట్టర్ పెంచితే బొమ్మ నల్లబడుతుంది. ఆటో ఎక్స్‌పోజరు వదిలేస్తే పళ్ళెం దగ్గరకొచ్చినప్పుడల్లా వెలుగు ఊగుతుంది. ముందే సరిచేసి లాక్ చేయండి.

స్వామివారి కల్యాణం, ఒకే కెమెరా: 4కె, 25 ఫ్రేములు. కార్డులు రెండు. మాంగల్యధారణకు పావుగంట ముందే కార్డు మార్చేయండి, నిండేదాకా ఆగవద్దు.

కూచిపూడి: 1080, 50 ఫ్రేములు, 1/100. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలు కదిలే తీరు 25లో అలికినట్టు ఉంటుంది. 50లో తీస్తే తర్వాత సగం వేగంతో నిదానంగా చూపించవచ్చు. నేర్చుకునే పిల్లలకు అది పెద్ద ఉపకారం.

చిలకలపూడి పాండురంగస్వామి ఉత్సవాల రోజుల్లో మంగినపూడి సముద్రస్నానాలు, రథోత్సవాలు: పగలు కాబట్టి దీపాల బెడద లేదు. 1080లో 50. పెదన కలంకారీ, సన్నగళ్ళ చీరలు 1080లో ఒక్కోసారి రంగులు ఈదినట్టు కనిపిస్తాయి. కెమెరాను రెండడుగులు ముందుకో వెనక్కో జరపండి.

అన్నిటికంటే ముందు అర్చకస్వాముల అనుమతి. మూలవిరాట్టును తీయవద్దంటే తీయకూడదు. దానికి సెట్టింగు లేదు.

చివరిగా

మరుసటి నెలలోనే మళ్ళీ వెళ్ళాను. ఈసారి 1080, 25, 1/50. ఖాళీ కార్డులు రెండు. మామ్మగారు ఓపిగ్గా కూర్చున్నారు. మొదటి రెండు పాటలూ శుభ్రంగా వచ్చాయి, ముఖం మీద చార లేదు. మూడోది ఎత్తుకున్నారు. పల్లవి అయింది. చరణం దగ్గర ఆగారు. మళ్ళీ ఎత్తుకున్నారు, మళ్ళీ ఆగారు. "ఆ రోజు వచ్చింది కదయ్యా, ఇవాళ రావట్లేదు" అని నవ్వారు. ఆ తర్వాత ఆషాఢంలో ఆవిడ కాలం చేశారు.

ఆ చరణం ఇప్పుడు ఎక్కడా లేదు. ఆ రాత్రి మందిరంలో ఉన్నవాళ్ళకు అక్కడో మాట, ఇక్కడో మాట గుర్తుంది. అంతే.

మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి పాట ఉన్న పెద్దలు ఒకరు ఉండే ఉంటారు. ఈ ఆదివారం వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళే ముందు నాలుగు చూసుకోండి. పాల్‌లో ఉందా? షట్టర్ 1/50 ఉందా? కార్డు ఖాళీయా, ఎన్ని నిమిషాలు వస్తుంది? వాళ్ళింటి దీపం కింద ఒక నిమిషం తీసి చూశారా? ఇంటికొచ్చాక ఫైలు రెండుచోట్ల దాచిన తర్వాతే కార్డు చెరపండి.

వచ్చే పాఠంలో మైకు గురించి చెప్పుకుందాం. అందరికీ శుభమస్తు.