ఆఖరి ఒక్క శాతం

ఫ్లోరైడ్ గురించి నల్గొండ జిల్లా మర్రిగూడకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. లీటరు నీళ్లలో అది 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏమవుతుందో పుస్తకం కంటే ముందే పెద్దవాళ్ల వంగిన నడుములు, బిగుసుకున్న మోకాళ్లు చెప్పాయి. నల్లాలో కృష్ణా నీళ్లు రాకముందు చాలా ఇళ్లు ఆర్వో క్యాన్‌నే నమ్ముకున్నాయి. ఆ ఆర్వో యంత్రంలో ఫ్లోరైడ్‌ను అడ్డుకునేది పాలిఅమైడ్ అనే పాలిమర్ పొర. దాని మందం వెంట్రుక మందంలో కొన్ని వందల్లో ఒక వంతు మాత్రమే.

"ఎమ్మెస్సీలో పాలిమర్ రియాక్షన్లు తీసుకుంటే ఏం ఒరుగుతుంది?" అని మర్రిగూడ డిగ్రీ విద్యార్థి అడిగితే నేను ముందు ఆ పొరనే చూపిస్తాను. సబ్జెక్టు కష్టమైనదే. అయితే తనను ఎలా చదవాలో కూడా అదే నేర్పుతుంది.

1. "అర్థమైంది" అనిపించిన చోట ఆగకండి

నైలాన్‌ను సృష్టించిన వాలెస్ కరోథర్స్ పేరు మీద ఒక చిన్న సూత్రం ఉంది. ఒకటిని, ఇంకా కలవకుండా మిగిలిన భాగంతో భాగిస్తే పాలిమర్ గొలుసు సగటు పొడవు వస్తుంది. చర్య 90 శాతం జరిగితే గొలుసులో 10 లంకెలు. 98 శాతానికి 50. 99 శాతానికి 100. 99.5 శాతానికి 200. అంటే మొదటి తొంభై శాతానికి దక్కేది పది లంకెలే. ఆఖర్లో ఒక్క అర శాతం కలిస్తే మరో వంద వచ్చి చేరతాయి.

చదువుకూ ఇదే లెక్క. క్లాసులో విన్న మెకానిజాన్ని ఇంటికి రాగానే పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద మొదటి బాణం నుంచి చివరి బాణం దాకా గీయండి. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడే మీ మిగిలిన ఒక్క శాతం ఉంది. ఆ రాత్రి దాని సంగతి చూశాకే పడుకోండి.

2. రెండు వైపులా సమంగా తూచండి

గొలుసుకు లంకెలయ్యే రెండు రకాల మోనోమర్లలో ఒకటి ఒక్క శాతం తగ్గితే, చర్య నూటికి నూరు పాళ్లూ జరిగినా, గొలుసు సగటున 199 లంకెల దగ్గర ఆగిపోతుంది. ఎక్కువైన మోనోమర్ గొలుసు చివర్లను మూసేస్తుంది. చదువులోనూ అంతే. థియరీ ఎంత చదివినా ల్యాబ్ లోటు తీరదు. ల్యాబ్‌లో ఎన్ని గంటలు నిలబడినా లెక్కల లోటు తీరదు. వారానికి ఒక డెరివేషన్ చేస్తే, అదే వారం ఒక ప్రయోగమో, ఒక స్పెక్ట్రమో సొంతంగా విప్పి చూడండి.

ప్రతి సూత్రం పక్కన దాని షరతు కూడా రాసుకోండి. 1970లలో అమెరికాలో జాన్ కడాట్ రూపొందించిన ఆర్వో పొరకు ఇంత కచ్చితమైన తూకం అక్కర్లేదు. నీళ్లలో ఒక మోనోమర్, నీళ్లతో కలవని ద్రావకంలో మరొకటి ఉంటాయి. రెండూ సరిహద్దు దగ్గర కలుసుకుంటే క్షణాల్లో పొర కట్టేస్తుంది. పద్ధతి మారింది కాబట్టి నియమమూ మారింది.

3. వెనకటి పొడవు చూసి జంకకండి

గొలుసు పొడవయ్యేకొద్దీ దాని చివర మందగిస్తుందన్న నమ్మకం 1930లలో బలంగా ఉండేది. పాల్ ఫ్లోరీ దాన్ని ఒప్పుకోలేదు. పది లంకెల గొలుసైనా వంద లంకెలదైనా దాని చివర ఒకే చురుకుతో కలుస్తుందని వాదించి నిలబెట్టాడు. 1974లో ఆయనకు నోబెల్ వచ్చింది.

అలాగే మీరూ తెలుగు మీడియంలో చదివామనో, చిన్న కాలేజీ నుంచి వచ్చామనో వెనక్కి చూసుకోకండి. ఇవాళ్టి పేజీని పట్టుకోవాల్సింది ఇవాళ్టి మీరు. మన రసాయన శాస్త్రవేత్త ముషి శాంతప్ప మాంచెస్టర్‌లో ఎవాన్స్, యూరీలతో కలిసి, వెలుతురుతో నీటి ద్రావణంలో పాలిమర్ గొలుసులను మొదలుపెట్టడంపై 1951లో పరిశోధనా పత్రం వెలువరించారు. తర్వాత మద్రాసులో ఆ విద్యను పెంచి, 1967లో భట్నాగర్ బహుమతి అందుకున్నారు.

4. ఏది తెంచుతుందో కూడా అడగండి

పైచదువు పాలిమర్‌ను తయారుచేయడంతో ఆగదు. తయారైన గొలుసు మీద జరిగే చర్యలే అసలు అధ్యాయం. నీళ్లలో వేసే క్లోరిన్ పాలిఅమైడ్ పొరలోని నైట్రోజన్‌కు అంటుకుని, పొరను మెల్లగా పాడుచేస్తుంది. అందుకే ఆ పొరకు ముందు కార్బన్ ఫిల్టర్ పెడతారు. కార్బన్ మార్చాలని ప్లాంటు నడిపే అన్నకు తెలుసు. ఎందుకు మార్చాలో ఆయనకు విడమరచి చెప్పగలగాలి మీరు. ప్రతి చర్య దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి: ఏది కడుతోంది? ఏది తెంచుతోంది?

5. ఈ ఆదివారం చింతగింజలు తీయండి

నూరు చింతగింజలు వరసగా పేర్చండి. ఎక్కడో ఒకచోట పక్కపక్కన ఉన్న రెండు గింజలు తీసేయండి. ఖాళీలను పూడ్చకుండా, ఏ క్రమమూ పాటించకుండా, మళ్లీ మళ్లీ అలాగే తీయండి. చివరికి జంట లేని ఒంటరి గింజలు మిగులుతాయి. పదిసార్లు ఆడి సగటు తీస్తే పదమూడు, పద్నాలుగు దగ్గర తేలుతుంది. పీవీసీ గొలుసులోంచి జింక్ క్లోరిన్లను జంటలుగా లాగేస్తే 13.5 శాతం ఒంటరిగా మిగిలిపోతాయని ఫ్లోరీ 1939లో లెక్కగట్టింది ఇదే.

ఇక్కడ ఆఖరి శాతం ఎంత కష్టపడినా దొరకదు. అది ఎవరి బద్ధకమూ కాదు, చర్య తీరే అంత. ఏ మిగులు మన అలసత్వం వల్ల వచ్చిందో, ఏది ప్రకృతి గీసిన గీతో విడదీసి చూడటానికే పైచదువు. మొదటి రకం మిగులును పూర్తిచేయండి. రెండో రకాన్ని లెక్కగట్టండి. హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధనా సంస్థ ఐఐసీటీ లాంటి చోట్ల పొరల మీద పనిచేసేవాళ్లు రోజూ చేసేది ఈ రెండు పనులే. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన నేల బిడ్డకు ఆ పని ఎవరి కోసమో ఒకరు చెప్పనక్కర్లేదు.