గొంతు నొప్పిని తేలిగ్గా తీసుకోకు

తణుకు

చి. సౌమ్యకు పెద్ద మావయ్య దీవించి రాసేది.

నిన్న మీ అమ్మ ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. కాబోయే అత్తగారు హ్యాండ్‌బ్యాగులో మాత్రలు చూస్తారేమోనని నువ్వు మందులు మానేశావట. మీ అమ్మ సంగతి తెలుసు కాబట్టి సగమే నమ్ముతున్నాను. ఆ సగం నిజమైనా డాక్టరుకి ఫోన్ చేసి ఇవాళే మళ్ళీ మొదలుపెట్టు. మీ అమ్మమ్మ విషయం నేను మళ్ళీ ఎత్తను. మనింట్లో ఈ థైరాయిడ్ జబ్బు ఉందని డాక్టరుతో చెప్పావా లేదా, అదొక్కటే అడుగుతున్నాను.

"ఆరు కిలోలు తగ్గాను మావయ్యా, జాకెట్లన్నీ వదులైపోయాయి" అని సంబరంగా రాశావే, నాకప్పుడే అనుమానం వచ్చింది. మూడు పూటలా తింటూ చిక్కిపోవడమేమిటి? ఏసీ గదిలో చెమటలు, మెట్లెక్కితే తొడల్లో సత్తువ లేకపోవడం, నిద్ర పట్టక గుండె చప్పుడు వింటూ పడుకోవడం, మాటిమాటికీ విరేచనం, నెలసరి అంతంతమాత్రం. అన్నీ నువ్వు రాసినవే. ఒకదానికి ఆఫీసు టెన్షననీ, ఇంకోదానికి హాస్టల్ నీళ్ళనీ సర్దిచెప్పుకున్నావు.

నేను మందుల షాపులో కుర్రాడిగా చేరిన కొత్తలో ఒక డ్రిల్లు మాస్టారు బలానికి టానిక్ కావాలని వచ్చేవారు. మాస్టారు చిల్లర తీస్తుంటే నాణేలు గాజు బల్లమీద టకటకలాడేవి. మా యజమాని ఓ రోజు ఆయన చెయ్యి చాపించి, వేళ్ళమీద పొట్లం కాగితం పెట్టారు. కాగితం అంచు వణుకుతూనే ఉంది. థైరాయిడ్ ఎక్కువైందని అనుమానించి, టానిక్ ఇవ్వకుండా కాకినాడ పెద్దాసుపత్రికి పంపారు.

టీఎస్‌హెచ్ 0.01 చూసి నీకు థైరాయిడ్ తక్కువని మీ రూమ్మేట్ అందట. తిరగేసి చదివింది. టీఎస్‌హెచ్ అంటే పని చెయ్యమని పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కి పంపే ఉత్తర్వు. రక్తంలో హార్మోను పొంగిపొర్లుతుంటే ఉత్తర్వు ఆగిపోతుంది, అందుకే అంత తక్కువ. తను వేసుకునే థైరాక్సిన్ నీకు ఇవ్వబోతే పుచ్చుకోకు తల్లీ, అది నిప్పుకి నెయ్యి.

నీది గ్రేవ్స్ జబ్బు. మన రక్షణ వ్యవస్థే పొరబడి తయారుచేసిన యాంటీబాడీలు గ్రంథిని నొక్కి పట్టుకుని పని చేయిస్తూ ఉంటాయి. కొందరికి గ్రంథిలో గడ్డలవల్ల హార్మోను ఎక్కువవుతుంది. కొందరికి వైరస్ జ్వరం తర్వాతో, కాన్పు తర్వాతో గ్రంథి వాచి, నిల్వ ఉన్న హార్మోను కారిపోతుంది. ఇలా గ్రంథి వాచినవాళ్ళకి నీ మాత్ర పనికిరాదు. ఎందుకొచ్చిందో తేల్చడానికే ఆ యాంటీబాడీ పరీక్ష, స్కాను. డబ్బులు దండగని విసుక్కున్నావు కానీ, దండగ కాదు.

నీకిచ్చిన కార్బిమజోల్ కొత్త హార్మోను తయారవకుండా చూస్తుంది. ఉన్న నిల్వ ఖర్చవ్వాలిగా, అందుకే మూడు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టాలి. ఈలోగా గుండెదడకి ప్రొప్రనలాల్ ఇచ్చారు. చిన్నప్పుడు నీకు ఆయాసమొస్తే రాత్రంతా భుజాన వేసుకుని వరండాలో తిరిగేవాణ్ణి. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రొప్రనలాల్ పడదు. డాక్టరుతో ఆ మాట చెప్పావో లేదో.

ఇక అసలు విషయం. కార్బిమజోల్ వాడుతుండగా గొంతు నొప్పి గానీ, జ్వరం గానీ, నోట్లో పుళ్ళు గానీ వస్తే మాత్ర ఆపి, అదే రోజు ఆసుపత్రికెళ్ళి సీబీసీ, అంటే రక్తకణాల పరీక్ష, చేయించుకో. నీ అంతట నువ్వు మాత్ర ఆపమని నేను చెప్పే సందర్భం ఇదొక్కటే. వెయ్యిమందిలో ఏ ఇద్దరు ముగ్గురికో ఈ మందువల్ల తెల్లకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే, అంటే ఇప్పుడే. ఐస్‌క్రీం పడలేదనుకోకు. మిరియాల పాలు తాగి పడుకోకు. మందుల షాపుకెళ్ళి అజిత్రోమైసిన్ అడగకు, షాపువాణ్ణే చెప్తున్నాను. ఆదివారమైతే ఎమర్జెన్సీకి వెళ్ళు. పెళ్ళి పీటలమీద ఉన్నా సరే, తాళి కట్టించుకుని వెళ్ళు. కళ్ళు పచ్చబడినా ఇంతే.

ఇంకో మాట, మావయ్య చెప్పాల్సింది కాదు గానీ మీ అమ్మ చెప్పదు. కడుపుతో ఉన్న మొదటి నెలల్లో కార్బిమజోల్ బిడ్డకి మంచిది కాదు. ముందే డాక్టరుతో మాట్లాడితే మందు మారుస్తారు. కార్బిమజోల్ మామూలుగా ఏడాది నుంచి ఏడాదిన్నర వాడి ఆపుతారు. ఆపాక సుమారు సగంమందికి తిరగబెడుతుంది. అప్పుడు రేడియో అయోడిన్ ఉంది, ఆపరేషన్ ఉంది. రేడియో అయోడిన్ తీసుకుంటే కనీసం ఆరు నెలలు గర్భం రాకూడదు. ఆ రెండిటి తర్వాతా చాలామందికి రోజూ థైరాక్సిన్ వేసుకోవాల్సి వస్తుంది, అదేమంత కష్టం కాదు.

నువ్వు సరేనంటే అబ్బాయి వాళ్ళ నాన్నగారితో నేను మాట్లాడతాను. మందుతో అదుపులో ఉండే జబ్బు విని వెనక్కి తగ్గే సంబంధం మనకే వద్దు. ఈసారి థైరాయిడ్ పరీక్షకి వెళ్ళేటప్పుడు, జుట్టుకోసం వేసుకుంటున్న బయోటిన్ రెండు రోజుల ముందే ఆపి రక్తం ఇవ్వు, లేకపోతే రిపోర్టు తప్పుగా రావచ్చు. సీబీసీ కూడా రాయించుకుని, రెండూ నాకు వాట్సాప్ చెయ్యి.

ఇట్లు,
మీ పెద్ద మావయ్య