తీగల విమానం, పొగ గొట్టం, మన ఇంటర్ ఫిజిక్సు

వార్షికోత్సవ సంచికలో కథలు, కవితలు, జనరల్ నాలెడ్జి బిట్లు ఎలాగూ ఉంటాయి. ఈసారి ఫిజిక్సులో ఒక పాఠం రాయమన్నారు. మేము ఎమ్మెస్సీ చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ గుమ్మం తొక్కింది మేమే మొదలు. అందుకే పాఠం అనగానే "ఇది దేనికి పనికొస్తుంది రా?" అని మా నాన్న అడిగే ప్రశ్నే ముందు గుర్తుకొస్తుంది. మూసిన గొట్టం, తెరిచిన గొట్టం, అనునాదం అనే చాప్టరును మనలో చాలామంది మార్కుల కోసం బట్టీ పట్టాం. ఆ గొట్టం చేసే అసలు పని ఒకటి ఈ వ్యాసంలో చూద్దాం. మనలో ఐటీఐకి, పాలిటెక్నిక్‌కు వెళ్లినవాళ్లూ, బైకు షెడ్డుల్లో పని చేస్తున్నవాళ్లూ ఉన్నారు. "సైలెన్సర్ కోసెయ్యి, బండి లాగుతుంది" అనే గిరాకీ వచ్చేది వాళ్ల దగ్గరికే.

అమెరికాలో ఒక రకం బొమ్మ విమానం ఉంది. దానికి రేడియో రిమోట్ ఉండదు. మనిషి మైదానం మధ్యలో నిలబడి చేతిలో ఒక పిడి పట్టుకుంటాడు. ఆ పిడి నుంచి రెండు సన్నని ఉక్కు తీగలు విమానం రెక్కలోకి వెళ్తాయి. పిడి పైకి వంచితే విమానం పైకి, కిందికి వంచితే కిందికి. విమానం గుండ్రంగా తిరుగుతుంటే మనిషి కూడా దానితో పాటు తిరగాలి. దీన్ని కంట్రోల్‌లైన్ అంటారు. ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన జిమ్ వాకర్ అనే ఆయన 1940 ప్రాంతంలో దీనికి బాగా ప్రచారం తెచ్చాడు. ఇందులో పల్టీలు, చతురస్రాలు, త్రిభుజాలు, ఎనిమిది అంకెలు గాలిలో గీసే పోటీని స్టంట్ అంటారు. ఎంత శుభ్రంగా గీస్తే అన్ని మార్కులు. మన డ్రాయింగ్ పరీక్ష లాంటిదే, రబ్బరు మాత్రం ఉండదు.

ఇప్పుడు ఒక లెక్క. తీగ పొడవు 20 మీటర్లు అనుకుందాం. ఒక చుట్టుకు 5.3 సెకన్లు పడుతుంది. చుట్టుకొలత సుమారు 125.7 మీటర్లు కనుక వేగం సెకనుకు 23.7 మీటర్లు, అంటే గంటకు 85 కిలోమీటర్ల పైమాటే. విమానం ద్రవ్యరాశి 1.8 కిలోలు అయితే అభికేంద్ర బలం దాదాపు 50 న్యూటన్లు. అంటే చేతికి 5 కిలోల బియ్యం సంచి లాగినట్టు ఉంటుంది. ఆ లాగుడు ఉన్నంత సేపే తీగలు బిగుతుగా ఉంటాయి, విమానం మన మాట వింటుంది.

అదే విమానం సరిగ్గా నెత్తిమీదికి వస్తే? అక్కడ గురుత్వం దాన్ని మన వైపే లాగుతుంది. కాబట్టి తీగలో తన్యత ఆ మేరకు తగ్గి సుమారు 33 న్యూటన్లే మిగులుతుంది. నీళ్ల బకెట్‌ను నిలువు వృత్తంలో తిప్పే లెక్క ఇదే. వేగం సెకనుకు 14 మీటర్లకు పడిపోతే తన్యత సున్నా. తీగ వదులవుతుంది, పిడి ఎంత తిప్పినా లాభం లేదు, నెలల తరబడి చెక్కిన బొమ్మ నేలకు కొట్టుకుంటుంది. కాబట్టి స్టంట్ ఇంజనుకు గొప్ప వేగం అక్కరలేదు. ఎక్కేటప్పుడు తగ్గకుండా, దిగేటప్పుడు పెరగకుండా ఒకే వేగాన్ని నిలపడమే దాని పరీక్ష. రేసు ఇంజనుకూ దీనికీ తేడా అక్కడే ఉంది.

ఈ ఇంజను టూస్ట్రోక్. స్పార్క్ ప్లగ్ ఉండదు. ప్లాటినం తీగ చుట్టిన గ్లో ప్లగ్ ఉంటుంది, ఇంధనం మిథనాల్, అందులో నూనె కలుపుతారు. పాత ఇంజన్లలో (1940ల చివర్లో వచ్చిన ఫాక్స్ 35 వాటిలో పేరున్నది) వేగాన్ని నిలపడానికి ఒక చిట్కా ఉండేది. మామూలుగా ఎగురుతున్నప్పుడు ఇంధనం కాస్త ఎక్కువ వెళ్లేలా పెడతారు. అప్పుడు ఇంజను ఒక చుట్టు విడిచి ఒక చుట్టు మండుతూ నెమ్మదిగా నడుస్తుంది. ముక్కు పైకెత్తగానే ఇంధనం పలచబడి ప్రతి చుట్టూ మండుతుంది, బలం పెరుగుతుంది. తెలివైన చిట్కానే గానీ, సూది కొంచెం అటూ ఇటూ అయినా చెడుతుంది. 1980లలో స్టంట్ ఆటగాళ్లు ఈ పనిని పొగ గొట్టానికి అప్పజెప్పారు. అదే ట్యూన్డ్ పైపు.

టూస్ట్రోక్‌లో పొగ పోయే పోర్టు, కొత్త మిశ్రమం వచ్చే పోర్టు చాలాసేపు రెండూ తెరిచే ఉంటాయి. కొత్త మిశ్రమం వస్తూనే కొంత పొగతో పాటు బయటికి పారిపోతుంది. కడవ కింద చిల్లి ఉండగా నీళ్లు పోసినట్టు. దాన్ని ఆపేది ఇనుప తలుపు కాదు, ఒక పీడన తరంగం.

పోర్టు తెరుచుకోగానే పొగ ఒక్క ఉదుటున బయటపడి గొట్టంలో సంపీడన తరంగంగా పరుగెత్తుతుంది. గొట్టం క్రమంగా వెడల్పయ్యే చోట, తెరిచిన కొసలో జరిగినట్టే, అది తల్లకిందులై విరళీకరణంగా వెనక్కి వస్తుంది. అది సిలిండర్‌లో మిగిలిన పొగను పీల్చేస్తుంది, కొత్త మిశ్రమాన్ని కూడా కాస్త గొట్టంలోకి లాగుతుంది. మిగతా తరంగం ముందుకు పోయి, గొట్టం మళ్లీ సన్నబడే చోట, మూసిన కొసలో జరిగినట్టే, సంపీడనంగానే వెనక్కి తిరుగుతుంది. పోర్టు మూసుకునే లోపు అది వచ్చి చేరితే, పారిపోయిన మిశ్రమాన్ని మళ్లీ లోపలికి నెట్టేస్తుంది. మన పాఠంలోని రెండు బొమ్మలూ ఒకే గొట్టంలో ఉన్నాయన్నమాట.

మరి పొడవు ఎంత? ఇంజను నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతోంది అనుకుందాం. ఒక చుట్టుకు 6 మిల్లీసెకన్లు. పొగ పోర్టు 150 డిగ్రీల సేపు, మిశ్రమం పోర్టు దాని మధ్యలో 120 డిగ్రీల సేపు తెరిచి ఉంటే, తరంగం 135 నుంచి 150 డిగ్రీల మధ్య తిరిగి రావాలి. 140 అనుకుంటే సమయం 2.33 మిల్లీసెకన్లు. గొట్టంలో వాయువు సగటున 200 డిగ్రీల సెల్సియస్ ఉంటే ధ్వని వేగం సెకనుకు సుమారు 435 మీటర్లు. రానూపోనూ దూరం 1.01 మీటర్లు, సగం చేస్తే 51 సెంటీమీటర్లు. ఇది కాగితం లెక్క. వేడి మారితే వేగమూ మారుతుంది, కాబట్టి చివరి సర్దుబాటు మైదానంలోనే. ఇంజనుకూ గొట్టానికీ మధ్య సిలికాన్ రబ్బరు ముక్క ఉంటుంది, గొట్టాన్ని అక్కడ జరుపుతారు. 5 మిల్లీమీటర్లు జరిపితే దాదాపు 1 శాతం తేడా, అంటే 100 చుట్లు.

ఇక స్టంట్ ఆటగాళ్ల తెలివి చూడండి. ఇంజనును గొట్టం ఎక్కువ బలమిచ్చే వేగానికి కాస్త పైన నడుపుతారు. విమానం దిగుతూ వేగం పెరగబోతే, పోర్టు త్వరగా మూసుకుంటుంది, తరంగం ఆలస్యమవుతుంది, బలం తగ్గుతుంది. ఎక్కేటప్పుడు చుట్లు తగ్గబోతే తరంగం సరైన వేళకు చేరుతుంది, బలం పెరుగుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేకుండా గొట్టమే గవర్నర్ అయింది. మాకు ఫిజిక్సులో ఇంతకంటే ముచ్చటైన ఉదాహరణ ఇంకా దొరకలేదు. ఈ మధ్య చాలామంది ఎలక్ట్రిక్ మోటారుకు మారారు. ఆ పని ఇప్పుడు ఎలక్ట్రానిక్ కంట్రోలర్ చేస్తుంది.

గొట్టం విద్యను మోటారు సైకిళ్లలో పండించిన పెద్దమనిషి వాల్టర్ కాడెన్. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు. డబ్బు తక్కువ, సామాను తక్కువ. అయినా ఆసిలోస్కోపు పెట్టి తరంగాలను చూస్తూ, 1961 నాటికి 125 సీసీ ఇంజనులో 25 హార్స్‌పవర్ తెప్పించాడు. ఆ ఏడాదే ఆయన రేసర్ ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ పోటీ నుంచి పడమటికి పారిపోయి, ఆ రహస్యంతో సుజుకీలో చేరాడు. 1962లో సుజుకీ 50 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచింది. డెగ్నర్‌కు కప్పు వచ్చింది, కాడెన్ అక్కడే ఉండిపోయాడు. ఎవరి కష్టం ఎవరికి దక్కిందో మీరే చెప్పండి.

మన ఊళ్లలో 1985 నుంచి 1996 వరకు తయారైన ఆర్‌ఎక్స్ 100 బండ్లు ఇప్పటికీ కొన్ని తిరుగుతున్నాయి. దాని సైలెన్సర్ లోపలా ఇదే సూత్రం ఉంది. దాన్ని కోస్తే శబ్దం పెరుగుతుంది, తిరిగి రావాల్సిన తరంగం దారి తప్పుతుంది. శబ్దం విని బలం పెరిగిందనుకుంటారు. షెడ్డులో ఉన్న అన్నలు గిరాకీతో ఈసారి ఈ మాట చెప్పి చూడండి. వినకపోతే ఎలాగూ కోయక తప్పదనుకోండి.

తమ్ముళ్లకు ఒక లెక్క: పైన చెప్పిన ఇంజనే 12,000 చుట్లు తిరిగితే గొట్టం పొడవు ఎంత ఉండాలి? సుమారు 42 సెంటీమీటర్లు రావాలి. రాకపోతే నిమిషాన్ని సెకన్లలోకి మార్చారో లేదో, చివర రెండుతో భాగించారో లేదో చూసుకోండి.