భారీ క్రూయిజర్లు – తెలుగుతీరం

వేగాన్నీ, ఆయుధబలాన్నీ సమన్వయించి నిర్మించిన యుద్ధనౌకలు క్రూయిజర్లు. 1922 నాటి వాషింగ్టన్ ఒడంబడిక వీటి బరువును 10,000 టన్నులకు, ఫిరంగి గొట్టపు లోవ్యాసాన్ని 8 అంగుళాలకు పరిమితం చేసింది. ఆ మేరకు 8 అంగుళాల ఫిరంగులు ధరించినవే భారీ క్రూయిజర్లు.

అయితే హద్దులు కాగితానికే పరిమితమయ్యాయి. జర్మనీ 10,000 టన్నులదని ప్రకటించిన 'అడ్మిరల్ హిప్పర్' అసలు బరువు 14,000 టన్నులు దాటింది. జపాన్ తన 'మొగామి' తరగతి నౌకలకు తొలుత చిన్న ఫిరంగులు అమర్చినా, పెద్దవాటికి వీలుగానే వాటిని రూపొందించింది. ఒడంబడిక గడువు ముగిశాక 8 అంగుళాల ఫిరంగులు బిగించింది.

ఆ నౌకలే బంగాళాఖాతంలో ప్రవేశించాయి. 1942 ఏప్రిల్ 6న ఒజావా నాయకత్వంలోని దళం రక్షణలేని వర్తకనౌకలను ముంచివేసింది. అదేరోజు ఆ దళంలోని 'ర్యూజో' నౌక నుండి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు కురిపించాయి. యుద్ధమంటే వార్తగా మాత్రమే ఎరిగిన విశాఖవాసులు ఇండ్లు విడిచి తరలిపోయారు.

ఆ దాడిలో పాల్గొన్న 'మికుమా' రెండు నెలలకే మిడ్వే సమరంలో సముద్రగర్భం చేరింది. మాట తప్పి పెంచుకొన్న బలం పరులను బాధించిందే కాని, తనను తాను కాపాడుకోలేకపోయింది.