కడుపులోనే తయారయ్యే కిడ్నీలు

"బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం, తిండి తగ్గించు" అని గర్భిణికి పెద్దవాళ్లు చెప్పడం మేము తరచు వింటుంటాము. ఇది ప్రమాదకరమైన సలహా.

మన ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడగట్టే నెఫ్రాన్లు సుమారు 10 లక్షలు ఉంటాయి. ఇవి తల్లి కడుపులో దాదాపు 36వ వారానికల్లా తయారవుతాయి. అందులో సగానికి పైగా చివరి మూడు నెలల్లోనే. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఆ తర్వాత కొత్తవి రావు. తల్లికి పోషణ చాలక బిడ్డ 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో పుడితే నెఫ్రాన్లు కూడా తక్కువగా ఉండవచ్చు. అప్పుడు ఉన్నవాటి మీదే భారం పడి, పెద్దయ్యాక బి.పి., కిడ్నీ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది.

పాటించవలసినవి:

1. గర్భిణి రోజూ పప్పు, ఆకుకూర, పాలు లేక పెరుగు, వీలైతే గుడ్డు తినాలి.
2. ఐరన్ మాత్రలు మానకూడదు. నెలనెలా బరువు, బి.పి. చూపించుకోవాలి.
3. డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు మింగకూడదు. వాటిలో కొన్ని కడుపులోని బిడ్డ కిడ్నీలకు హాని చేస్తాయి.
4. బిడ్డకు 6 నెలల వరకు తల్లిపాలే ఇవ్వాలి.

తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలందరికీ జబ్బు రాదు, భయపడకండి. పుట్టిన బరువు రాసిన కార్డు మాత్రం దాచి, డాక్టరుకు చూపించి, బిడ్డ బి.పి. ఎప్పటినుండి చూడాలో అడగండి.

అత్తగార్లకు, అమ్మలకు మా మనవి: ఆమె కంచంలో అన్నం తగ్గించకండి.