క్రీమ్ డబ్బా మీద వయసు: ఎవరు లెక్కగట్టారని అడగొచ్చు

2021 డిసెంబరులో చెన్నై మణలిలోని ఒక అంగట్లో ఒకాయన మేరీ లైట్ బిస్కెట్ ప్యాకెట్లు కొన్నాడు. ప్యాకెట్ మీద 16 బిస్కెట్లని అచ్చయి ఉంది. విప్పి చూస్తే 15 ఉన్నాయి. అంగడివాళ్లను అడిగాడు, కంపెనీని అడిగాడు. సరైన జవాబు రాకపోయేసరికి తిరువళ్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్ మెట్లెక్కాడు. బిస్కెట్లు బరువు లెక్కన అమ్ముతాం తప్ప సంఖ్య లెక్కన కాదని ఐటీసీ కంపెనీ వాదించింది. పైన 16 అని అచ్చువేసి లోపల 15 పెట్టడం కొనేవారిని తప్పుదారి పట్టించడమేనని కమిషన్ తేల్చింది. 2023 ఆగస్టు 29న ఇచ్చిన తీర్పులో లక్ష రూపాయల పరిహారం చెల్లించమంది. ఆ బ్యాచ్ సరుకు అమ్మొద్దని కూడా చెప్పింది. తక్కువైన బిస్కెట్ ఖరీదు ముక్కాలు రూపాయి.

బిస్కెట్ ప్యాకెట్ మీది అంకెకే అంత పూచీ ఉన్నప్పుడు, ముఖానికి రాసుకునే క్రీమ్ డబ్బా మీది అంకె సంగతేమిటి? తిరుత్తణి బస్టాండు దగ్గరి ఫ్యాన్సీ షాపులోనైనా, తిరువళ్లూరు సూపర్ మార్కెట్లోనైనా ఇప్పుడు క్రీములు రెండు వరసలుగా కనిపిస్తాయి. ఒక వరస వయసు లెక్క: టీనేజ్ చర్మానికి, 25 దాటినవారికి, 40 దాటినవారికి. ఇంకో వరస చర్మతత్వం లెక్క: జిడ్డు, పొడి, మిశ్రమ, సున్నిత చర్మం. ఏది చూసి కొనాలన్న ప్రశ్న ఇళ్లల్లో ఆడపిల్లలు, అమ్మలు రోజూ వేసుకునేదే. దాని వెనకే ఒక హక్కు ప్రశ్న కూడా ఉంది: ఆ అంకె అక్కడికి ఏ ఆధారంతో వచ్చింది?

చట్టం ఈ రెండు వరసల్లో దేన్నీ నిర్ణయించలేదు. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కాస్మెటిక్ అంటే ఏమిటో చెప్పింది. శుభ్రపరచడానికి, అందం పెంచడానికి, రూపం మార్చడానికి ఒంటికి రాసేది, చల్లేది, పూసేది అని. 2020 డిసెంబరులో వచ్చిన కాస్మెటిక్స్ నిబంధనలు లైసెన్సు, లేబుల్, నిషిద్ధ పదార్థాల గురించి చెప్పాయి. ఏ వయసుకు ఏ క్రీమ్ అన్న పట్టిక అందులో లేదు. అంటే 30 ప్లస్ అన్నది కంపెనీ తనంతట తాను చేసుకున్న ప్రకటన. దాన్ని నిరూపించే బాధ్యతా కంపెనీదే.

వయసుతో చర్మం మారుతుందన్నది నిజం. కౌమారంలో హార్మోన్ల వల్ల నూనె గ్రంథులు చురుకై మొటిమలు వస్తాయి. ముట్లుడిగాక నూనె తగ్గి చర్మం పొడిబారుతుంది. అయినా 45 ఏళ్ల మనిషికి జిడ్డు చర్మం, 18 ఏళ్ల పిల్లకు పొడి చర్మం ఉండటం వింతేమీ కాదు. వేసవిలో వాతావరణ శాఖ ప్రకటించే వేడి ఊళ్ల జాబితాలో తిరుత్తణి పేరు తరచూ కనిపిస్తుంది. ఆ ఎండలో, ఆ చెమటలో జిడ్డు ముఖానికి 40 దాటాయి కదా అని చిక్కటి క్రీమ్ పూస్తే మొటిమలు రేగుతాయి. 1975లో హార్వర్డ్ చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందో చూసి ఒక వర్గీకరణ మొదలుపెట్టారు. అది తర్వాత ఆరు రకాలుగా స్థిరపడింది. మనవాళ్లలో ఎక్కువమంది నాలుగు, అయిదు రకాల్లోకి వస్తారు. ఈ రంగు చర్మం రేగితే మంట తగ్గాక కూడా నల్లమచ్చ నెలల తరబడి నిలిచిపోతుంది. అందుకే ముందు చర్మతత్వం, తర్వాత వయసు అన్నదే సబబైన వరస. ఎండ నుంచి కాపుకు, గర్భిణులు వాడకూడని పదార్థాలకు మాత్రం చర్మతత్వంతో పనిలేదు. రెటినాల్ రకం క్రీములు గర్భిణులు మానాలని వైద్యులు చెబుతారు.

వయసు అంకె న్యాయస్థానం దాకా వెళ్లిన కేసు ఒకటుంది. 2013లో ఢిల్లీలో ఒక యువకుడు 79 రూపాయలకు ఇమామీ వారి ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ క్రీమ్ కొన్నాడు. చెప్పినట్టే వాడినా రంగు రాలేదని ఫిర్యాదు చేశాడు. 2015లో అతని పక్షాన వచ్చిన తీర్పును రాష్ట్ర కమిషన్ పక్కనపెట్టి, కేసును మళ్లీ విచారించమంది. 2024 డిసెంబరులో మధ్య ఢిల్లీ జిల్లా కమిషన్ మళ్లీ కంపెనీనే తప్పుపట్టింది. 14.5 లక్షల రూపాయల దండన పరిహారం వినియోగదారుల సంక్షేమ నిధికి, 50 వేలు ఫిర్యాదీకి ఇమ్మంది.

ఆ కేసులో గమనించవలసింది డబ్బుకన్నా వాదన. ఫలితం రావాలంటే పౌష్టికాహారం, వ్యాయామం, మంచి అలవాట్లు కూడా ఉండాలని కంపెనీ చెప్పింది. ఈ క్రీమ్ 16 నుంచి 35 ఏళ్ల మధ్య, జబ్బులు లేని మామూలు యువకుల కోసమని చివర్లో అంది. ఈ షరతులు పెట్టె మీద ఎక్కడున్నాయని, జబ్బు మనిషి అంటే ఎవరని కమిషన్ నిలదీసింది. అమ్మేటప్పుడు అందరికీ అమ్మి, కోర్టులో మాత్రం వయసు గీత గీస్తే చెల్లదన్నమాట. డబ్బా మీద వయసు రాసినా, రాయకుండా దాచినా కంపెనీ జవాబు చెప్పుకోవాల్సిందే.

ఒక డబ్బాను చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. ముందువైపు పెద్ద అక్షరాల్లో కుంకుమపువ్వు అని ఉంటుంది. వెనకవైపు చిన్న అక్షరాల్లో పదార్థాల జాబితా. ఒక శాతం కన్నా ఎక్కువ ఉన్నవన్నీ ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలన్నది నిబంధన. సాధారణంగా మొదటిది ఆక్వా, అంటే నీళ్లు. ఆ వరసలో ఫినాక్సీఇథనాల్ అన్న పేరు వెతకండి. పాడవకుండా కలిపే పదార్థమది, ఒక శాతానికి మించి వేయకూడదు. కుంకుమపువ్వు దాని తర్వాత కనిపిస్తే, ఆ డబ్బాలో అది ఒక శాతమో, అంతకన్నా తక్కువో. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలి, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు తప్పనిసరి. విదేశీ సరుకైతే దిగుమతిదారు చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఇవి లేని డబ్బాను చర్మతత్వం దాకా పోకుండానే పక్కన పెట్టేయాలి.

ఎందుకంటే ప్రమాదం అక్కడే ఉంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఆస్టర్ మిమ్స్ ఆసుపత్రి కిడ్నీ వైద్యులు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందిది నెల్-1 అన్న అరుదైన రకం. ఆ 15 మందిలో 13 మంది జబ్బుకు ముందు తెల్లబడే క్రీములు వాడినట్టు చెప్పారు. అనుమానం పాదరసం మీదికి పోయింది. కళ్లకు వాడే వాటిని మినహాయిస్తే, మన నిబంధనల ప్రకారం కాస్మెటిక్‌లో పొరపాటున చేరిన పాదరసం కూడా పది లక్షల్లో ఒక వంతు దాటకూడదు. కిడ్నీకి వయసు తెలియదు, చర్మతత్వమూ తెలియదు.

ఇంకో దొంగదారి మందుల షాపు. మొమెటాసోన్, క్లోబెటాసాల్ వంటి స్టెరాయిడ్లు కలిసిన ట్యూబును ముఖం నునుపుకని అడిగి తెచ్చుకునేవారు మన పల్లెల్లోనూ ఉన్నారు. వారం పది రోజులు ముఖం మెరుస్తుంది. ఆపగానే ఎర్రబడి, మండి, మొటిమలు రేగుతాయి. 2018 మార్చిలో కేంద్రం ఇలాంటి 14 పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కట్టుబాట్ల కిందికి తెచ్చింది. డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మడం నేరం. అలా అమ్ముతున్న షాపు సంగతి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పొచ్చు. మొటిమలు, మంగు నయం చేస్తామని చెప్పే సరుకు కాస్మెటిక్ లైసెన్సుతో అమ్మేది కాదు, చికిత్స అన్నాక అది మందు లెక్కలోకి వస్తుంది.

తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోనేట్లో బెల్లం కలిపి, పులిపిర్లు, చర్మ బాధలు పోవాలని మొక్కుకునే భక్తులు తరతరాలుగా ఉన్నారు. అమావాస్య నాడు ఆ మెట్ల మీద తమిళంతో పాటు తెలుగూ వినిపిస్తుంది. నమ్మకం ఎవరి దగ్గరా లేబుల్ అంటించుకుని రాదు. డబ్బా అలా కాదు, ధర కట్టి మాట ఇస్తుంది. ఆ మాటకే చట్టం పూచీ అడుగుతుంది.

పిల్లల విషయంలో వయసు నిజంగానే ముఖ్యం. స్వీడన్‌లో అపోటెక్ యార్టాట్ అనే మందుల షాపుల సంస్థ 2024లో ఆమ్లాలు, విటమిన్ ఏ వంటివి ఉన్న ఘాటు క్రీములను 15 ఏళ్లలోపు పిల్లలకు అమ్మకూడదని నిర్ణయించింది. మనదేశంలో అమ్మకానికి అలాంటి వయసు హద్దు లేదు గానీ ప్రకటనకు ఉంది. 2022 జూన్‌లో వచ్చిన తప్పుదారి పట్టించే ప్రకటనల నివారణ మార్గదర్శకాలు, తమ శరీరం మీద తమకే చిన్నచూపు కలిగించేలా పిల్లలను ఉద్దేశించి ప్రకటన ఇవ్వరాదన్నాయి. మైనరుకు నష్టం జరిగితే తల్లి, తండ్రి లేదా సంరక్షకుడు ఫిర్యాదు వేయొచ్చు.

అవే మార్గదర్శకాల్లో తిరుత్తణి, పళ్లిపట్టు, ఆర్.కె.పేట తెలుగువారికి పనికొచ్చే మాట ఇంకొకటుంది. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారినా ఈ ఇళ్లల్లో తెలుగు టీవీ మోగుతూనే ఉంది. ప్రకటనలో గొప్ప ఏ భాషలో చెప్పారో, దాని షరతు కూడా అదే భాషలో చూపాలని నిబంధన. ఏడు రోజుల్లో మెరుపు అని తెలుగులో చెప్పి, ఫలితాలు వ్యక్తిని బట్టి మారతాయని ఇంగ్లీషులో చీమల బారులా పరిగెత్తిస్తే అది ఉల్లంఘన. ప్రకటనలో కనిపించే తారలకూ బాధ్యత ఉంది. త్రిస్సూరు జిల్లా వినియోగదారుల ఫోరం ఒక జుట్టు క్రీమ్ కేసులో, తాను వాడకుండానే ప్రచారం చేసిన నటుడు అనూప్ మేనన్‌ను కూడా పదివేల రూపాయలు కట్టమంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కంపెనీకి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు.

ఆ సంస్థ ఢిల్లీలో ఉందని వెనకాడనక్కర్లేదు. తప్పుడు ప్రకటన మీద ఫిర్యాదు జిల్లా కలెక్టరుకే ఇవ్వొచ్చని ఆ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. సోమవారం గ్రీవెన్స్ రోజున తిరువళ్లూరు కలెక్టరేట్‌లో అర్జీతో పాటు ప్రకటన ఫోటో, ఏ చానెల్లో ఏ తేదీన వచ్చిందో రాసిచ్చి రసీదు తీసుకోవాలి. సొంతానికి పరిహారం కావాలంటే మాత్రం దారి జిల్లా కమిషన్. ఆన్‌లైన్‌లో ముంబయి కంపెనీ దగ్గర కొన్నా, కొన్నవారు ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. బ్యూటీ పార్లర్‌లో ఫేషియల్ వికటించినా ఇదే దారి, అది సేవాలోపం.

సాక్ష్యం మాత్రం ముందే కూడబెట్టుకోవాలి. బిల్లు, పెట్టె, మిగిలిన క్రీముతో సహా ట్యూబు పారేయకూడదు. ముఖం రేగిన రోజే తేదీతో ఫోటో తీసి, ప్రభుత్వాసుపత్రి చర్మవిభాగంలో చూపించి చీటీ రాయించుకోవాలి. చాలామందికి తెలియని హక్కు ఇంకొకటుంది. ఔషధ చట్టం 26వ సెక్షన్ కింద కొన్నవారెవరైనా నిర్ణీత రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత తమ క్రీమును పరీక్ష చేయించుకుని, సంతకం చేసిన నివేదిక పొందొచ్చు. కమిషన్ కూడా నమూనాను ల్యాబుకు పంపగలదు. అలాంటి కేసులు అయిదు నెలల్లో, మిగతావి మూడు నెలల్లో తేల్చాలన్నది వినియోగదారుల రక్షణ చట్టం పెట్టిన గడువు. వాస్తవంలో ఇంకా ఆలస్యమవుతుంది, ఢిల్లీ కేసుకు పదకొండేళ్లు పట్టింది.

అందుకే ముందు 1915కు ఫోన్ చేయడం మేలు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో తెలుగులో, తమిళంలో కూడా మాట్లాడొచ్చు. చాలా ఫిర్యాదులు అక్కడే కంపెనీ సొమ్ము వాపసు ఇవ్వడంతో ముగుస్తాయి. తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు వేయొచ్చు. నష్టం జరిగిన నాటి నుంచి గడువు రెండేళ్లు. దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపాలి. జిల్లా కమిషన్ తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో చెన్నైలోని రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు. కంపెనీ అప్పీలుకు వెళ్లాలంటే తీర్పు సొమ్ములో సగం ముందు డిపాజిట్ చేయాలి.